పల్లె పేగు ఢిల్లీకి మందైతే, పల్లెకి మందేది?

ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు ఒక వైద్యం చేసి చూశారు. వింటే ముందు నవ్వొస్తాది, తర్వాత ఆలోచన వస్తాది. పెద్దపేగులో పుండ్లు పడి నెత్తురు పోతున్న రోగులకి, ఆరోగ్యంగా ఉన్న పల్లెటూరి మనుషుల మలం తెచ్చి, పరీక్షలు చేసి, కలిపి వడగట్టి, గొట్టం ద్వారా పేగులోకి ఎక్కించారు. వారానికోసారి, మొత్తం ఏడుసార్లు. దాంతోపాటు తిండి మార్చారు. ప్యాకెట్ తిండి, రంగులు, రసాయనాలు కలిపిన సరుకు ఆపేసి, కాయగూరలు, పళ్లు, పులిసిన ఆహారం పెంచారు.

ఫలితం 2022లో ‘గట్’ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఈ వైద్యం అందిన 35 మందిలో 21 మందికి జబ్బు అణిగింది. మామూలు మందులు వాడిన 31 మందిలో 10 మందికే అణిగింది. మలం ఎక్కించడం ఆపేసి తిండి నియమం ఒక్కటే కొనసాగించినా, ఏడాది తిరిగేసరికి 24 మందిలో ఆరుగురి పేగు లోపల కూడా మానే ఉన్నాది. రెండో గుంపులో 27 మందిని చూస్తే ఒక్కరికీ అలగ లేదు.

చిన్న పరిశోధనే, ఒక్క ఆసుపత్రిలో జరిగిందే. ఇంకా పెద్ద ఎత్తున రుజువు కావాలి. కానీ నన్ను ఆపింది అంకెలు కాదు. ‘పల్లెటూరి దాతలు’ అన్న మాట. పట్నం పేగుకి జబ్బు చేస్తే పల్లె పేగు మందయినాది. సరే, సంతోషం. మరి పల్లె పేగుకే జబ్బు చేస్తే? పాడేరు కొండల్లో ఒక కుర్రోడికి ఆర్నెల్లుగా దొడ్డికెళ్తే నెత్తురు పడుతున్నాది అనుకోండి. ఆడి పేగులోకి గొట్టం వేసి చూసే చోటు ఎంత దూరంలో ఉన్నాది? నేను రాస్తున్నది ఈ ప్రశ్న గురించే.

ఏటి ఈ జబ్బు?

పేరు ఐబీడీ. ఇన్‌ఫ్లమేటరీ బవల్ డిసీజ్. మన మాటల్లో పేగుల వాపు జబ్బు. ఇందులో రెండు రకాలు ముఖ్యం. ఒకటి అల్సరేటివ్ కొలైటిస్, పెద్దపేగు లోపలి పొరకి పుండ్లు పడతాయి. రెండోది క్రోన్స్, ఇది నోటి నుంచి ఆసనం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ లోతుకి పోతాది, పేగు సన్నబడి మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంటాది.

ఇది అంటుజబ్బు కాదు. ఒకరి నుంచి ఒకరికి రాదు. మన ఒంట్లో రోగాలతో పోరాడే సైన్యం ఉంటాది కదా, అది దారి తప్పి మన పేగు మీదే యుద్ధానికి దిగుతాది. ఎందుకు తప్పుతాది? పుట్టుకతో వచ్చిన జన్యువులు కొంత, తిండి కొంత, పేగులో కాపురముండే సూక్ష్మజీవులు కొంత. 2024లో లండన్ ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థ పరిశోధకులు ఈటీఎస్2 అనే జన్యువు ఈ వాపుని నడిపే ముఖ్యమైన మీటల్లో ఒకటని తేల్చారు. మీట దొరికితే ఆపే మందు కూడా వెతకవచ్చు. ఆ పని ఇప్పుడు నడుస్తున్నాది.

దీనికి ఐబీఎస్‌తో గందరగోళం పడకండి. ఐబీఎస్‌లో కడుపునొప్పి, విరేచనం, మలబద్ధకం ఉంటాయి గానీ పేగుకి పుండు పడదు, నెత్తురు పోదు. ఒక్క అక్షరం తేడా. మనిషి బతుకులో మాత్రం చాలా తేడా.

ఇంకో మాట. ఈ జబ్బు ముసలోళ్ల జబ్బు కాదు. పదిహేను నుంచి ముప్పై అయిదేళ్ల మధ్య ఎక్కువగా బయటపడతాది. అంటే ఇది చదువుతున్న మీ వయసే. డిగ్రీ చదివే వయసు, పెళ్లి వయసు, పనికి పోయే వయసు. అందుకే మీతోనే మాట్లాడుతున్నాను.

‘మనకి రాదు’ అన్న మాట పాతబడింది

చాలా కాలం డాక్టర్లే ఇది తెల్లోళ్ల జబ్బు అనుకున్నారు. మనది అంబలి తాగే ఒళ్లు, మనకి రాదు అనుకున్నారు. పంజాబ్ లూధియానా డాక్టర్లు ఊళ్లల్లో ఇల్లిల్లూ తిరిగి తీసి 2003లో అచ్చేసిన లెక్కలో, లక్ష మందికి 44 మందికి అల్సరేటివ్ కొలైటిస్ కనిపించింది. అప్పటికి ఆసియాలో తెలిసిన లెక్కల్లో అది ఎక్కువే.

తర్వాత మన తెలుగు నేల మీదే పెద్ద పని జరిగింది. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి డాక్టర్లు ఆసుపత్రికి వచ్చినోళ్లనీ, పల్లెల్లో పెట్టిన సంచార వైద్య శిబిరాలకి వచ్చినోళ్లనీ కలిపి 30 వేలకు పైగా మందిని పరీక్షించారు. అందరూ పేగు సంబంధమైన బాధలున్నోళ్లే. కొలనోస్కోపీ చేసి చూశారు. 2023లో లాన్సెట్ వారి ఆగ్నేయాసియా పత్రికలో అది అచ్చయింది. తేలింది ఏటంటే, బాధలతో వచ్చిన ప్రతి వందమందిలో సుమారు ఐదుగురికి ఐబీడీ ఉన్నాది. పల్లె అయినా పట్నమయినా దాదాపు అదే లెక్క.

ఈ లెక్కని జాగ్రత్తగా చదవాలి. ఊళ్లో వందమందిలో ఐదుగురికి అని కాదు. పేగు బాధతో డాక్టరు దగ్గరకొచ్చిన వందమందిలో ఐదుగురికి అని. అయినా కూడా అది పెద్ద మాటే. ఎందుకంటే పల్లెలో ఉండడం రక్షణ అన్న నమ్మకం దాంతో కూలిపోయినాది. పల్లెలో జబ్బు లేకపోవడం కాదు, పల్లెలో గొట్టం వేసి చూసినోడు లేకపోవడం. చూస్తే కనిపించింది.

ప్రపంచమంతా ఈ జబ్బు నడకని శాస్త్రవేత్తలు నాలుగు మెట్లుగా చెప్తున్నారు. మొదట అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తాది. రెండో మెట్టులో కొత్త కేసులు జోరుగా పెరుగుతాయి. మూడో మెట్టులో కొత్త కేసుల జోరు తగ్గినా, చిన్న వయసులోనే వచ్చి ఏళ్ల తరబడి ఉండే జబ్బు కాబట్టి రోగుల మొత్తం సంఖ్య పేరుకుపోతాది. నాలుగో మెట్టు నిలకడ. అమెరికా, యూరప్ దేశాలు మూడో మెట్టు మీద ఉన్నాయి. మనలాంటి దేశాలు రెండో మెట్టు ఎక్కుతున్నాయి. అంటే వరద ఇంకా రాలేదు, గెడ్డలో నీరు మాత్రం రంగు మారింది. సర్దుకోవడానికి ఇదే సమయం.

మన పేగులో ఏటున్నాది?

2015లో గువాహటి పరిశోధకుల బృందం అస్సాం, మణిపూర్, సిక్కిం, తెలంగాణల్లోని 15 ఆదివాసీ తెగల పేగు సూక్ష్మజీవులని పరిశీలించింది. తెగలు వేరు, నేలలు వేరు, భాషలు వేరు. అయినా చాలామందిలో ఒకే రకం సూక్ష్మజీవి ముందు వరసలో ఉన్నాది. దాని పేరు ప్రీవోటెల్లా. పీచు ఎక్కువున్న గింజలు, ఆకులు, దుంపలు తినేవాళ్ల పేగులో ఇది పెరుగుతాది.

పని ఎలగ జరుగుతాదో చూడండి. చోడి అంబలి, సామ అన్నం, కందిపప్పు, అడవి దుంప, వెదురు కొమ్ము, ఇవి తింటే వాటిలో పీచు మన కడుపుకి అరగదు. అది పెద్దపేగుకి చేరి అక్కడి సూక్ష్మజీవులకి తిండి అవుతాది. అవి దాన్ని పులియబెట్టి కొన్ని ఆమ్లాలు తయారుచేస్తాయి. అందులో బ్యూటిరేట్ ఒకటి. పెద్దపేగు లోపలి పొర బతికేది ముఖ్యంగా దాని మీదే. ఆ పొర గట్టిగా ఉంటే లోపలి సూక్ష్మజీవులు గోడ దాటి రావు, ఒంట్లో సైన్యం ఊరికే రెచ్చిపోదు. పీచు లేని తిండి తింటే ఆ సూక్ష్మజీవులు ఆకలితో ఉంటాయి, పొరకి కూలీ అందదు.

అయితే ప్రీవోటెల్లా ఉంటే జబ్బు రాదని రాసిపెట్టి లేదు. అందులోనూ రకాలున్నాయి, కొన్ని మేలు చేస్తాయి, కొన్నింటి మీద అనుమానాలున్నాయి. మన పేగు మహిమగల పేగు అని చంకలు గుద్దుకోవద్దు. ఇది తరాల తిండి పెంచిన తోట. తిండి మారితే తోట మారుతాది.

మారుతున్నాది కూడా. అరకు సంతకో, హుకుంపేట సంతకో వెళ్లి చూడండి. చోడి గింజల మూట ఒక మూలకి జరిగి, చిప్స్ ప్యాకెట్ల దండలు ముందుకొచ్చాయి. పది రూపాయల కూల్‌డ్రింకు సీసా, ఐదు రూపాయల కుర్‌కురే, రెండు నిమిషాల నూడుల్స్ కొండ మీది ఆఖరి గూడెం దాకా చేరాయి. అంబులెన్సు చేరని చోటుకి చిప్స్ ప్యాకెట్ చేరింది. ఇంట్లో ఎక్కువగా వండేది రేషన్ బియ్యం. సామలు, కొర్రలు పండించి, అవి అమ్మేసి, తెల్లన్నం తింటున్నాం. మన సామలు విశాఖలో మధుమేహం ఉన్న పెద్దోళ్లు కిలో లెక్కన కొనుక్కుంటున్నారు.

ఈ ప్యాకెట్ తిండి గురించి పరిశోధన ఏటి చెప్తున్నాది? 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పెద్ద లెక్క అచ్చయింది. భారత్‌తో సహా 21 దేశాల్లో 1,16,087 మందిని ఏళ్ల తరబడి గమనించారు. ఫ్యాక్టరీలో బాగా మార్చిన తిండి రోజుకి ఐదుసార్లు, అంతకంటే ఎక్కువ తినేవాళ్లకి, ఒక్కసారి కూడా పూర్తిగా తిననివాళ్లతో పోల్చితే ఐబీడీ ముప్పు 82 శాతం ఎక్కువ కనిపించింది. అంతకుముందు 2015లో అమెరికా పరిశోధకులు ఎలుకల మీద ఇంకో సంగతి చూశారు. నూనె, నీరు విడిపోకుండా ప్యాకెట్ తిండిలో కలిపే కొన్ని రసాయనాలు, పేగుని కాపాడే జిగురు పొరని పలచన చేశాయి, సూక్ష్మజీవులు గోడకి దగ్గరగా వచ్చేశాయి, వాపు మొదలైంది. ఎలుకలో జరిగింది మనిషిలో అలాగే జరుగుతాదని చెప్పలేం. కానీ రెండు లెక్కలూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి.

మూడోది యాంటీబయాటిక్స్. డెన్మార్క్‌లో 60 లక్షలకు పైగా మంది వివరాలు చూసి 2023లో ఒక పరిశోధన అచ్చేశారు. యాంటీబయాటిక్స్ వాడినోళ్లలో ఐబీడీ ముప్పు ఎక్కువ ఉన్నాది, ఎన్ని కోర్సులు వాడితే అంత ఎక్కువ. అది డాక్టరు చీటీ లేకుండా మందు దొరకని దేశం. మన దగ్గర జ్వరానికీ జలుబుకీ రెండు రంగుల గొట్టం మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చే పద్ధతి ఉన్నాది. కావాల్సిన చోట యాంటీబయాటిక్ ప్రాణం కాపాడుతాది, అది నిజం. ఊరికే మింగితే పేగు తోటకి గడ్డిమందు కొట్టినట్టే.

ఇక్కడ ఒక అపార్థం రాకూడదు. మట్టి మంచిది, సూక్ష్మజీవులు మంచివి అన్నారు కాబట్టి ఊటగెడ్డ నీళ్లు అలాగే తాగేయండి అని ఎవరూ చెప్పట్లేదు. వానాకాలంలో కలుషితమైన నీళ్లతో విరేచనాలు పట్టుకుంటే ఒక్క రోజులో పసిపిల్ల పోతాది. నీళ్లు కాచి తాగాలి, సర్కారు మంచినీళ్ల కుళాయి వేయాలి. పీచు తిండి వేరు, మురికి నీళ్లు వేరు.

నెత్తురు పడితే మనోళ్లు ఏటి చేస్తారు?

అసలు చిక్కు ఇక్కడే ఉన్నాది. కొండల్లో నెత్తురు విరేచనం అంటే మూడే పేర్లు. బంక విరేచనాలు, మొలలు, టీబీ. నాలుగో పేరు ఎవరి నోటా రాదు.

మా చుట్టాల్లోనే ఒకాయన రెండేళ్లు మొలలని మందు వాడాడు. ఒక చోట పసరు, ఒక చోట సూది, ఒక చోట స్టెరాయిడ్ మాత్ర. స్టెరాయిడ్ వేసుకున్న వారం నెత్తురు ఆగేది, మానేస్తే మళ్లీ వచ్చేది. పన్నెండు కిలోలు తగ్గాడు. ఆఖరికి కొలనోస్కోపీ చేస్తే పెద్దపేగు సగం పుండ్లే. ఆయనకి మందు చెప్పినోళ్లెవరూ చెడ్డోళ్లు కాదు. లోపలికి చూసే సాధనం లేనప్పుడు బయట కనిపించిన దాన్నిబట్టే పేరు పెడతారు.

టీబీ సంగతి ఇంకా క్లిష్టం. పేగు టీబీ, క్రోన్స్ అన్నదమ్ముల్లాగ ఉంటాయి. రెండూ చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట పుండు చేస్తాయి. రెండింట్లోనూ నొప్పి, జ్వరం, బరువు తగ్గడం ఉంటాయి. ముక్క తీసి పరీక్ష చేసినా ఒక్కోసారి తేలదు. టీబీ ఎక్కువున్న దేశం కాబట్టి, అనుమానముంటే ముందు టీబీ మందు మొదలుపెట్టడం మన డాక్టర్ల పద్ధతి. అది తప్పు కాదు. ఎందుకంటే టీబీ ఉన్నోడికి క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే టీబీ ఒళ్లంతా పాకుతాది. కానీ ఆ పద్ధతిలో రెండో సగం ఉన్నాది. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ కొలనోస్కోపీ చేసి పుండ్లు మానుతున్నాయో లేదో చూడాలి. మానితే టీబీ, కోర్సు పూర్తి చెయ్యాలి. మానకపోతే మళ్లీ ఆలోచించాలి. ఎయిమ్స్ డాక్టర్ల పరిశోధనలు ఇదే నొక్కి చెప్తున్నాయి.

ఇప్పుడు ముంచంగిపుట్టు నుంచో పెదబయలు నుంచో ఒక మనిషిని ఊహించుకోండి. మొదటి పరీక్షకి విశాఖ వెళ్లాలి. ముందురోజు పేగు శుభ్రం చేసే మందు తాగాలి, అంటే రాత్రంతా దొడ్డికి పోతూనే ఉండాలి. ఆ స్థితిలో ఘాట్‌రోడ్డులో బస్సెక్కడం కుదరదు కాబట్టి విశాఖలోనే గది తీసుకోవాలి. తోడు ఒక మనిషి. మూడు రోజుల కూలి పోయింది. మూడు నెలల తర్వాత రెండో పరీక్షకి మళ్లీ అదంతా. ఎంతమంది రెండోసారి వెళ్తారు? వెళ్లకపోతే క్రోన్స్ ఉన్నోడు టీబీ మందు మింగుతూనే ఉంటాడు, లోపల పేగు సన్నబడుతూనే ఉంటాది. ఆఖరికి పేగు మూసుకుపోయి ఆపరేషన్ బల్ల మీదే జబ్బు పేరు తెలుస్తాది.

ఆలస్యానికి ఇంకో ఖరీదు కూడా ఉన్నాది. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగులో ఎక్కువ భాగానికి పాకి ఎనిమిది పదేళ్లు అదుపు లేకుండా ఉంటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెరుగుతాది. అదే, తొందరగా పట్టుకుంటే చాలామంది మందు వేసుకుంటూ చదువుకుంటారు, పొలం పని చేసుకుంటారు, పిల్లల్ని కంటారు. సల్ఫాసలజీన్, మెసలమిన్ పాత మందులే, మన దేశంలోనే తయారవుతాయి. వాటికి లొంగకపోతే ఇంకా గట్టి మందులున్నాయి, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి సూదులున్నాయి. అవి ఖరీదు. పైగా అవి వేసే ముందు ఒంట్లో దాగిన టీబీ ఉందేమో చూడడం తప్పనిసరి. అందుకే ఇది నాటు చేత్తో చేసే వైద్యం కాదు.

పసుపు సంగతి

పాడేరు పసుపు పేరు ఎత్తకుండా ఈ కొండల్లో వైద్యం గురించి మాట్లాడలేం. పసుపులో ఉండే కర్క్యుమిన్ మీద మంచి పరిశోధనే జరిగింది. 2006లో జపాన్ డాక్టర్లు, జబ్బు అణిగి ఉన్న అల్సరేటివ్ కొలైటిస్ రోగులకి మామూలు మందుతోపాటు రోజుకి రెండు గ్రాముల కర్క్యుమిన్ ఆరు నెలలు ఇచ్చారు. వాళ్లలో 43 మందిలో ఇద్దరికే జబ్బు తిరగబెట్టింది. ఉత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 39 మందిలో ఎనిమిది మందికి తిరగబెట్టింది. 2017లో ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు తక్కువ మోతాదులో, రోజుకి అర గ్రాము లోపు ఇచ్చి చూస్తే ఉపయోగం కనిపించలేదు. 2021లో ఏఐజీ వాళ్లు ఒంటికి బాగా పట్టేలా తయారుచేసిన కర్క్యుమిన్‌ని మెసలమిన్‌తో కలిపి ఇస్తే మేలు కనిపించింది.

ఈ మూడింటిలో ఒక మాట గమనించండి. ఎవరూ మందు మానేసి పసుపు ఇవ్వలేదు. మందుతోపాటే ఇచ్చారు. ఒక చెంచా పసుపులో కర్క్యుమిన్ చాలా కొంచెమే ఉంటాది. కూరలో వేసుకుని తినండి, పంట మీద గర్వపడండి. నెత్తురు పడుతున్నోడికి పసుపు పాలు తాగించి ఇంట్లో కూర్చోబెట్టకండి. మలం ఎక్కించే వైద్యం విషయం కూడా అంతే. దాతకి ఎన్నో పరీక్షలు చేసి, ఆసుపత్రిలో చేసేది అది. యూట్యూబ్ చూసి ఇంట్లో చేసుకునేది కాదు.

దాత అన్నప్పుడు హక్కు కూడా చెప్పాలి

పల్లె పేగు, ఆదివాసీ పేగు ఇప్పుడు ప్రపంచ శాస్త్రానికి విలువైన సరుకు. ఆఫ్రికాలో హాడ్జా, దక్షిణ అమెరికాలో యానోమామి తెగల మలం నమూనాలు ఇప్పటికే పెద్ద పత్రికలకెక్కాయి. రేపు మన గూడేలకి కూడా డబ్బాలు పట్టుకుని వస్తారు. రావడం తప్పు కాదు. పరిశోధన జరగాలి, జరగకపోతే మన జబ్బుకి మందు ఎలగ వస్తాది? కానీ ఎలగ వస్తారన్నది మనం అడగాలి.

అడగడానికి కారణం ఉన్నాది. 2009లో ఇదే తూర్పు కనుమల అంచున, అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం వైపు, దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేసిన కార్యక్రమం జరిగింది. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండే ఆదివాసీ పిల్లలు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. జరిగిన మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు, ఆ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి కాపాడేదే. తప్పు జరిగింది అనుమతి దగ్గర. చూసిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 పత్రాల మీద తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే అయినా, అడగకుండా వేస్తే జనానికి నమ్మకం పోతాది. పోయిన నమ్మకం తర్వాత మంచి మందుకి కూడా అడ్డమవుతాది.

కాబట్టి పేగు పరిశోధన వచ్చినా మూడు మాటలు అడగాలి. ఎందుకు తీసుకుంటున్నారో మన భాషలో చెప్పండి, తెలుగు రానోళ్లకి ఆదివాసీ ఒడియాలో, కువిలో చెప్పండి. ఫలితం వచ్చాక ఊరికి తిరిగొచ్చి చెప్పండి. పరీక్షలో ఎవరికైనా జబ్బు కనిపిస్తే ఆ మనిషికి వైద్యం దాకా తోడుండండి.

ఇప్పుడు ఏటి చెయ్యాలి?

మొదట మన వంతు. ఈ గుర్తులు జ్ఞాపకం పెట్టుకోండి. నాలుగు వారాలు దాటిన విరేచనాలు. మలంలో నెత్తురు, చీము. నిద్రలోంచి లేచి మరీ దొడ్డికి పరిగెత్తాల్సి రావడం. కారణం లేకుండా బరువు తగ్గడం. విడవని సన్న జ్వరం, రక్తం తగ్గడం. ఇందులో ఏది ఉన్నా మొలలని సిగ్గుపడి దాచకండి. ముఖ్యంగా ఆడపిల్లలు ఈ మాట ఇంట్లో చెప్పలేక ఏళ్లు భరిస్తున్నారు. అన్నో తమ్ముడో ఉన్నవాళ్లు, ఇంట్లో ఈ మాట చెప్పుకోవడానికి చోటివ్వండి. పీహెచ్‌సీలో ‘పేగు వాపు జబ్బేమో చూడండి, కొలనోస్కోపీకి రాయండి’ అని నోరు తెరిచి అడగండి. విశాఖ కేజీహెచ్‌లో గిరిజన రోగుల కోసం ఎస్టీ సెల్ ఉన్నాది, అక్కడికి వెళ్తే ముందు వాళ్లని కలవండి. డాక్టరు చెప్పకుండా స్టెరాయిడ్ మాత్ర, ఒళ్లునొప్పుల మాత్ర మింగకండి. నొప్పి మాత్రలు కొన్ని ఈ జబ్బుని రెచ్చగొడతాయి.

తిండి విషయంలో ఉపన్యాసం వద్దు. అంబలి తాగితే ఐబీడీ రాదని నేను హామీ ఇవ్వను, ఎవరిచ్చినా నమ్మకండి. జబ్బు రేగి ఉన్నప్పుడు, పేగు సన్నబడి ఉన్నప్పుడు పీచు తగ్గించమని డాక్టరే చెప్తారు, అప్పుడు ఆయన మాటే వినాలి. ఆరోగ్యంగా ఉన్నోళ్లకి మాత్రం, ఇంట్లో పండిన సామలు, చోళ్లు అమ్మేముందు రెండు కుంచాలు ఇంటికి ఉంచుకోమని చెప్పడానికి పరిశోధన చాలినంత ఉన్నాది.

తర్వాత సర్కారు వంతు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది, పాడేరు జిల్లా కేంద్రం అయింది. 2024లో పాడేరు ప్రభుత్వ వైద్య కళాశాల 50 సీట్లతో మొదలైంది. కళాశాల వచ్చిన చోట కొలనోస్కోపీ యంత్రం ఉండడం గొంతెమ్మ కోరిక కాదు. రోజూ పేగుల డాక్టరు దొరకడం కష్టమే, ఒప్పుకుంటాను. వారానికో రోజు విశాఖ నుంచి ఒక నిపుణుడు వచ్చినా చాలు, ముంచంగిపుట్టు మనిషికి రెండో పరీక్ష అందుబాటులోకి వస్తాది. పేగులో వాపు ఉన్నదీ లేనిదీ మలంతోనే చెప్పే కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష ఉన్నాది. నమూనా ఇస్తే చాలు, మనిషి కదలక్కర్లేదు. నమూనా కిందికి వెళ్తే, ఎవరికి గొట్టం వెయ్యాలో ముందే వేరుచేయొచ్చు. తెలంగాణ పల్లెలకి శిబిరం వెళ్లగలిగినప్పుడు అనంతగిరి ఘాట్‌రోడ్డు కూడా ఎక్కగలదు.

ఇవన్నీ ఎవరో దయతో ఇవ్వాల్సినవి కాదు. పల్లె మలం ఢిల్లీలో రోగిని నిలబెట్టింది. అదే లెక్కన, పల్లెలో నెత్తురు పోతున్న మనిషికి గొట్టం వేసి చూడమనడం బాకీ అడగడమే. గ్రామసభలో, కళాశాల మీటింగులో, మీ ఎమ్మెల్యే ఊరికొచ్చినప్పుడు రోడ్డు, టవరు అడిగే జాబితాలో ఈ ఒక్క లైను కూడా రాయండి: పాడేరులో వారానికో రోజు కొలనోస్కోపీ.